వదినె చేతి చాయ్: పాలమూరు వయోజన విద్యా కేంద్రంలో ఒక నాటకం

కోస్గి, మద్దూరు వైపు వయోజన విద్య గురించి మాట్లాడాలంటే ముందు వలస సంగతి ఎత్తక తప్పదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అన్ని జిల్లాలకన్నా కింద ఉన్నది ఇదే. ఆడవాళ్లలో అయితే సుమారు 45 శాతం. బడికి పోవలసిన వయసులో ఈ ఆడవాళ్లు ఎక్కడున్నారని అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: అమ్మానాయనలతో బొంబాయిలోనో, పూనాలోనో, హైదరాబాదులో ఏదో ఒక కట్టుబడి దగ్గరో ఉన్నాం, తమ్మున్ని ఎత్తుకున్నాం.

నేను రాస్తున్నది 2012–13లో మద్దూరు వైపు ఒక ఊళ్లో, సాక్షర భారత్ అనే కేంద్ర ప్రభుత్వ వయోజన విద్యా పథకం కింద నడిచిన సాయంత్రపు తరగతిలో మా నాటక బృందం చేసిన పని గురించి. ఆ మండలాలు ఇప్పుడు నారాయణపేట జిల్లాలో ఉన్నాయి. ఊరి పేరు, మనుషుల పేర్లు కావాలనే రాయడం లేదు. అడ్వాన్సు ఇచ్చి కూలీలను వలస పనికి తీసుకుపోయే ఆ మేస్త్రీలు ఇంకా అక్కడే ఉన్నారు, వాళ్ల ఎంబడి పోయి బతకవలసిన కుటుంబాలూ అక్కడే ఉన్నాయి.

సాక్షర భారత్ 2009 సెప్టెంబరు 8న మొదలైంది. ముఖ్యంగా ఆడవాళ్ల అక్షరాస్యత సగానికి మించని జిల్లాలకు దాన్ని ఉద్దేశించారు కాబట్టి పాలమూరు అందులో ఉండటంలో వింత లేదు. ఊళ్లో తరగతి రాత్రి ఏడున్నర తర్వాత, బడి వరండాలో. వచ్చేవాళ్లలో ముప్పై దాటిన ఆడవాళ్లే ఎక్కువ. పత్తి ఏరి, ఇంట్లో వండిపెట్టి, చేతులు కడుక్కుని వచ్చేవాళ్లు. కొన్నాళ్లకు సంతకం వచ్చింది. సంతకం రాగానే రావడం మానేశారు. నిర్వాహకులకు ఇది పెద్ద తలనొప్పి కానీ, ఆడవాళ్ల వైపు నుంచి చూస్తే సబబే. బ్యాంకులో, ఉపాధి పని దగ్గర వేలిముద్ర వేసే చిన్నతనం పోయింది. ఆ పై అక్షరాలు ఏ పనికి వస్తాయో వాచకం చెప్పలేదు. మమ్మల్ని పిలిచింది ఆ దశలో. "జర పాటలు, నాటకం పెట్టి మళ్లా రప్పించండి" అన్నారు.

రప్పించడానికి పాట చాలు. డప్పు మోగితే ఊరు వస్తుంది. రెండో రోజు ఎందుకు రావాలన్నదే చిక్కు.

ఊరూరా తిరిగి పాటతో, ఆటతో ప్రచారం చేసే కళాజాతను నేను తక్కువ చేయను. నల్లగొండ జిల్లాలో పుట్టినవాణ్ని, చేయలేను కూడా. కవి సుద్దాల హనుమంతు గొల్లసుద్దులనే జానపద కళను దొరల మీదికి, నిజాం పాలన మీదికి తిప్పిన నేల అది. 1990లో భారత్ జ్ఞాన్ విజ్ఞాన్ జాతా దేశమంతా తిరిగి అక్షరాస్యత ఉద్యమానికి జనాన్ని కూడగట్టింది కూడా పాటతో, ఆటతోనే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణం మీదికి నడిచారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. మన దగ్గర వయోజన విద్య మీద ఎవరు ఉపన్యసించినా దూబగుంట పేరు వస్తుంది, రావాలి కూడా. కానీ సారా దుకాణం ఊళ్లో కళ్లెదుటే ఉంటుంది. దాని ముందు కూర్చోవచ్చు, తాళం వేయించవచ్చు. వలస అప్పుకు, అంటే పనికి పోకముందే మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సుకు, దుకాణం ఎక్కడుంది? అది మన వాకిట్లోకే వచ్చి, మన మంచం మీదే కూర్చుని, మనల్ని వరస పెట్టి పిలుస్తుంది. "వలస పోకండి, పిల్లల్ని బడికి పంపండి" అని పాడే పాట ఆ వాకిట్లో ఏం చేయగలదు? పోవడం మంచిది కాదని వాళ్లకు మాకన్నా ఎక్కువ తెలుసు.

అందుకని మేం ఫోరం పద్ధతి తీసుకున్నాం. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోవాల్ 1973లో పెరూ దేశపు అక్షరాస్యతా కార్యక్రమంలో పనిచేశాడు. నాటకంలో చిక్కుముడి దగ్గర ఆగి, ఇప్పుడేం చేయాలో ప్రేక్షకుల్ని అడిగి, వాళ్లు చెప్పింది నటులు ఆడి చూపేవాళ్లు. ఒక చోట ఒకామె చెప్పింది నటులు ఎన్నిసార్లు ఆడినా ఆమెకు నచ్చలేదట. చివరికి ఆమే లేచి వేదిక ఎక్కి తను అన్నది ఇదీ అని ఆడి చూపింది. అక్కడి నుంచి ప్రేక్షకులే లోపలికి వచ్చి ఆడే పద్ధతి వచ్చిందని బోవాల్ రాసుకున్నాడు. ఈ పద్ధతి ఒక చదువు తరగతిలో పుట్టిందన్న సంగతి నాటకం వాళ్లకూ అంతగా పట్టదు, వయోజన విద్య వాళ్లకూ పట్టదు.

కథ మేం పట్టుకుపోలేదు. మొదట మాటలు లేకుండా బొమ్మలు కట్టించాం. అడ్వాన్సు పైసలు ఇంటికి వచ్చిన రోజు ఎట్లుంటుందో, నలుగురు నలుగురుగా నిలబడి కదలకుండా చూపించమన్నాం. ఏ గుంపు చూసినా ఒకటే బొమ్మ. మంచం మీద మేస్త్రీ, కింద గొంతుక్కూచున్న మొగుడు, గడప లోపల నిలబడి చూస్తున్న పెండ్లాం, ఆమె చేతిలో చాయ్ గిలాస. ఇద్దరి రెక్కల మీద బేరం జరుగుతున్నది, అందులో ఒకరు గడప దాటలేదు. దీన్ని ఎవరూ వివరించి చెప్పలేదు. కట్టిన వాళ్లే చూసుకుని కాసేపు ఊరుకున్నారు.

తర్వాత మాటలు కలపమన్నాం. మేస్త్రీ వేషం మా బృందంలోని డప్పు పిల్లగాడు కట్టాడు. మీసం దిద్ది, తువ్వాల విసిరి, గట్టిగా గదమాయించాడు. ఆడవాళ్లు పకపకా నవ్వారు.

"మా మేస్త్రీ గట్ల ఒర్లడు బిడ్డా. ఒర్లితె ఆయన ఎంబడి ఎవరు పోతరు?"

ఆ మాట అన్నది యాభై దాటిన ఒక పెద్దమ్మ. భీవండి, పూనా అన్నీ తిరిగి వచ్చిన మనిషి. అయితే నువ్వే చూపియ్యమంటే కొంగు తీసి రుమాలుగా చుట్టుకుని మంచం మీద కూర్చుంది. ముందు పిల్లల పేర్లు పెట్టి ఒక్కొక్కరినీ అడిగింది. బర్రె ఈనిందా అన్నది. "వదినె చేతి చాయ్ తాగి ఎన్ని దినాలాయె" అన్నది. చాయ్ వచ్చాక ఊది ఊది తాగింది. పైసల మాట ఆఖరున, లేవబోతూ, జేబు తడుముకుంటూ అన్నది. "నువ్వు ఇబ్బందిల ఉన్నవని విన్న. మనోళ్లం మనకు కాకుంటె ఇంకెవరికి?"

నవ్వు ఆగిపోయింది. ఆ నటనలో మేం కలిపింది ఏమీ లేదు.

ఈ కేసులో నాకు ముఖ్యంగా కనబడేది ఇదే. మన ప్రచార నాటకాల్లో దోచేవాడు ఎప్పుడూ మీసాలు తిప్పుతాడు. అట్లాంటివాణ్ని ఎదిరించడం ప్రేక్షకులకు కష్టం కాదు, ఎందుకంటే అట్లాంటివాడు వాళ్ల బతుకులో లేడు. ఉన్నవాడు మరిది వరస. పెండ్లికి చదివింపులు చదివించినవాడు, ఆపదలో ఆస్పత్రికి బండి మాట్లాడినవాడు. వానికి పైన ఇంకో మేస్త్రీ, ఆ పైన పని ఇచ్చే సేటు. మర్యాదగా మాట్లాడే మనిషిని మధ్యలో ఆపి "ఎంత?" అని అడగడానికే సాధన కావాలి. నాటకం ఆ సాధనకు చోటు ఇస్తుంది. అంతకు మించి ఏదో చేస్తుందని మా వాళ్లు నివేదికల్లో రాస్తుంటారు, నేను ఒప్పుకోను.

నాటకం మూడు రంగాలుగా కుదిరింది: వాకిట్లో చాయ్, కట్టుబడి దగ్గర వారానికోసారి ఖర్చులకు ఇచ్చే ఖర్చీ, పండుగ ముందు హిసాబు, అంటే ఆఖరి లెక్క. ఒకసారి పూర్తిగా ఆడతాం. రెండోసారి ఆడేటప్పుడు ఎవరైనా "ఆగు" అనవచ్చు, పెండ్లాం పాత్రలోకి వచ్చి తమ మాట తాము అనవచ్చు. మేస్త్రీ పాత్రను మాత్రం ఎవరూ మార్చకూడదు. మేస్త్రీని మంచివాణ్ని చేసేస్తే కథ సుఖంగా ముగుస్తుంది, ఎవరికీ ఏమీ రాదు.

మొదట లేచిన పడుచుపిల్ల నేరుగా అన్నది, "మాకొద్దు నీ పైసలు, తీస్కపో."

పెద్దమ్మ గిలాస కింద పెట్టింది. "మంచిదె వదినె. మరి బోరు బాకీ ఎవరు కట్టాలె?"

పిల్ల నిలబడి ఆలోచించి, తల గోక్కుని పోయి కూర్చుంది. ఇంకొకామె మేస్త్రీ మీద కేకలేసింది. మేస్త్రీ నోరు తెరవనక్కర లేకపోయింది. మొగుడు పాత్రలో ఉన్నామె "నువ్వు లోపలికి పో" అన్నది, అంతటితో అయిపోయింది. అందరూ నవ్వారు కానీ ఆ నవ్వు వేరు. మూడో ఆమె ఏ కేకా పెట్టలేదు. గడప దాటి వచ్చి, పీట ఈడ్చుకుని మేస్త్రీ ఎదురుగా కూర్చుంది. చాయ్ గిలాస ఆమె చేతిలోనే ఉంది, ఇంకా ఇవ్వలేదు.

"ఎన్ని నెలలకు? రోజుకెంత? నాకెంత, ఆయనకెంత?"

"ఇద్దరికి కలిపే గద వదినె, ఎప్పుడు గట్లనే."

"కలిపితె నాది ఎంతో నాకెట్ల ఎర్క? రాసియ్యి."

పెద్దమ్మ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. "రాసిస్త. సదువుతవా?"

ఈ ప్రశ్న మేం రాసిపెట్టింది కాదు, ఆమె నోటికి వచ్చింది. ఆ తర్వాత తరగతికి పాఠం వెతుక్కోవలసిన పని పడలేదు.

వాచకం వరసలో ఖ, హ లాంటి అక్షరాలు చాలా ఆలస్యంగా వస్తాయి. మా తరగతిలో అవే ముందు వచ్చాయి, ఖర్చీ, హిసాబు రాయాలి కాబట్టి. నాగా (పని చేయని రోజు), బాకీ, జోడి (కలిసి పనికి పోయే ఆలుమగలు), రోజుకూలి. నాటకంలో ఎవరు ఏ మాట అన్నారో చార్టు మీద రాసి పెడితే, అన్నవాళ్లే వచ్చి వేలు పెట్టి చదివేవాళ్లు. తను అన్న మాట కాబట్టి మొదటి అక్షరం దొరికితే మిగతాది దొరికిపోతుంది. ఇట్లా ఊహించి చదవడం చదవడం కాదని తరగతి నడిపే అమ్మాయి మొదట ఒప్పుకోలేదు. మాటల క్రమం మార్చి రాసి చూసుకున్నాక మెత్తబడింది.

లెక్కలు మూడో రంగం నుంచి వచ్చాయి. నాటకంలో ఆలుమగలకు అడ్వాన్సు 20,000. ఇద్దరికీ కలిపి రోజుకు 500. నెలకు 24 రోజుల చొప్పున ఆరు నెలలు చేస్తే 144 రోజులు, 72,000. వారానికి ఖర్చీ 1,000 చొప్పున 26 వారాలకు 26,000. అడ్వాన్సు, ఖర్చీ రెండూ పోగా చేతికి 26,000 రావాలి. నాటకంలో మేస్త్రీ 11,000 చేతిలో పెట్టి, "నాగాలున్నయి వదినె" అంటాడు. తేడా 15,000, అంటే ముప్పై రోజుల నాగాలు. ఈ లెక్క బోర్డు మీద తేలిన రోజు ఒకామె, "ముప్పై దినాలు ఏం జేసిన్నంట, పండుకున్ననా?" అని నిజంగా కోపం తెచ్చుకుంది. కథలో మనిషి మీద కాదు ఆ కోపం.

నాగా ఏ రోజున పడిందో ఎవరు చెప్పాలి? ఎవరి దగ్గరా గుర్తు లేదు. గోడ మీది క్యాలెండరులో పనిచేసిన రోజుకు గీత, చేయని రోజుకు సున్న, ఖర్చీ ముట్టిన రోజు పక్కన అంకె పెట్టడం అక్కడ మొదలైంది. అప్పుడే మేం ఇంకో సంగతి చెప్పాం. 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టంలో కాంట్రాక్టరు ప్రతి కూలీకి ఫోటో అంటించిన పాసుబుక్కు ఇవ్వాలని ఉండేది. పని ఎక్కడ, ఎన్నాళ్లు, కూలి రేటు ఎంత, తిరుగు ఛార్జీ ఎంత, ఏమేం కోత పెడతారు అన్నీ అందులో రాయవలసి ఉండేది. తరగతిలో ఉన్నవాళ్లలో చాలామంది బొంబాయి చూసినవాళ్లే, ఆ పాసుబుక్కును చూసినవాళ్లు ఒక్కరూ లేరు. చట్టం ఇవ్వమన్నది ఎవరూ ఇవ్వకపోతే మనమే చేసుకుందామని నలభై పేజీల బడి నోటుబుక్కులో గళ్లు గీశారు. తారీఖు, పని, ఖర్చీ, మేస్త్రీ సంతకం.

ఆ యేడు పీర్ల పండుగ నవంబరులో పడింది. పాలమూరు కూలీ ఎక్కడున్నా పీర్ల పండుగకు ఊరు చేరతాడు. మేస్త్రీలూ అప్పుడే వస్తారు. ఊరందరి ముందు ఆడాలంటే అదే అదను. కానీ తరగతిలో ఆడినట్టు బయట ఆడటం కుదరదు. రచ్చకట్ట దగ్గర పెడితే ఆడవాళ్లు రారు. హనుమాండ్ల గుడి ముందు పెడితే ఎస్సీ కాలనీ వాళ్లు దూరంగా నిలబడతారు. కాలనీలో పెడితే ఊళ్లోవాళ్లు రారు. బడి వెనక ఖాళీ జాగా ఇద్దరికీ కాని చోటు కాబట్టి ఇద్దరూ వచ్చే చోటు అయింది. ఇంకో తిప్పలు కరెంటుది. అప్పట్లో వ్యవసాయానికి రాత్రి కరెంటు వచ్చే వంతు ఉంటే మగవాళ్లంతా మోటర్ల దగ్గరికి పోయేవాళ్లు. వంతులు కనుక్కుని రోజు పెట్టుకున్నాం.

ఆడేవాళ్ల సంగతి మరీ చిక్కు. మామ ముందు, బావ ముందు కోడలు లేచి నిలబడి మాట్లాడదు. దీనికి దారి కూడా ఆడవాళ్లే చెప్పారు. పండుగకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలు ఉంటారు, ఊరి బిడ్డకు ఊళ్లో నోరు ఉంటుంది, పెండ్లాం పాత్ర వాళ్లకు ఇద్దామన్నారు. కోడళ్లు గుంపులో కూర్చుని మాట అందిస్తారు, ఆడబిడ్డ లేచి అంటుంది. బోవాల్ పుస్తకంలో ఈ ఏర్పాటు ఉండదు. మన ఊళ్లలో ఇది లేకుండా ఫోరం నడవదని నా నమ్మకం. శిక్షణలకు పట్నం నుంచి వచ్చేవాళ్లు "అందరూ లేచి రండి" అని చప్పట్లు కొడుతుంటే నాకు చిరాకు పుట్టేది ఇందుకే.

పెద్దమ్మ రుమాలు చుట్టుకుని మంచం మీద కూర్చోగానే మగవాళ్లలో ఈలలు. బర్రె సంగతి అడిగేసరికి ఈలలు తగ్గాయి. వెనక నిలబడ్డ అసలు మేస్త్రీల వైపు కొందరు ఓరగా చూశారు. హిసాబు రంగంలో ఒక ఆడబిడ్డ "నాగాలు ఏ తారీఖులల్ల, చదివి చెప్పు" అన్నప్పుడు వెనక నుంచి ఒక మేస్త్రీ గొంతు లేచింది.

"మాకు సేటు పైసలియ్యకుంటె మేం యాడికెల్లి తేవాలె? మా హిసాబు ఎవరు సూస్తరు?"

మా సూత్రధారి ముందుకు రమ్మన్నాడు. ఆయన రాలేదు, నిలబడ్డ చోటు నుంచే మాట్లాడాడు. సేటు చదరపు అడుగుల లెక్కన కోత కోస్తాడని, మూడో బిల్లు ఎప్పుడూ ఆపుతాడని, ఆ నష్టం గుంపు మీద పంచక తప్పదని చెప్పుకొచ్చాడు. అప్పటికప్పుడు ఇంకో రంగం కట్టాం, మేస్త్రీ కింద గొంతుక్కూచున్నాడు, సేటు మంచం మీద. పెద్దమ్మ కింద కూర్చోవడానికి రుమాలు సర్దుకుంటుంటే జనం ఈసారి ఈల వేయలేదు. నోటుబుక్కు మాటను కొందరు మేస్త్రీలు చెవిన పెట్టింది ఈ రంగం తర్వాతనే. రోజుల లెక్క గుంపు దగ్గర రాసి ఉంటే సేటు ముందు తమకూ పనికొస్తుందని వాళ్లకు తట్టింది. మా లెక్కలో ఇది లేదు. నీతి చెప్పి ఒప్పించలేనిచోట అవసరం ఒప్పించింది.

ఆ సీజనుకు కొన్ని కుటుంబాలు నోటుబుక్కు పట్టుకుపోయాయి. తిరిగొచ్చిన పుస్తకాలు తిరగేస్తే చాలావాటిలో రెండో నెలతో రాత ఆగిపోయింది. కొన్ని వానకు తడిసి అట్టలయ్యాయి. ఆఖరుదాకా గీతలు ఉన్నవి ఆడవాళ్లు రాసినవే ఎక్కువ, మగవాళ్లకు అప్పజెప్పినవి ముందే ఆగాయి. సంతకం గడిలో మేస్త్రీ చేవ్రాలు ఉన్నవి తక్కువ. అయినా హిసాబు రోజు గీతలు చూపించి నాగాలు తగ్గించుకున్న ఇండ్లు ఉన్నాయి. ఆడకూలి మగకూలితో సమానం కాలేదు. అడ్వాన్సు ఆగలేదు, వలస ఆగలేదు. సాక్షర భారత్ పరీక్షలో చదవడం, రాయడం, లెక్కలు అడిగేవాళ్లు కానీ, నాగాల లెక్క ఎవరూ అడిగేవాళ్లు కాదు. నోటుబుక్కు నడిపినవాళ్లలో కొందరు పరీక్ష నాటికి పూనాలో ఉన్నారు. రికార్డుల్లో వాళ్లు మధ్యలో మానేసినవాళ్లే.

ఒక కుటుంబాన్ని మాత్రం మేస్త్రీ మరుసటి సీజను పిలవలేదు. కారణం చెప్పలేదు, "ఈసారి జోడీలు నిండినయి" అన్నాడు, అంతే మర్యాదగా. పీట ఈడ్చుకుని ఎదురుగా కూర్చున్నామె ఇల్లు అది. నాటకంతో మార్పు అని రాసేవాళ్లు ఇట్లాంటి ఇంటి గురించి రాయడం నేను ఎక్కువ చూడలేదు. రాయాలి, ఎందుకంటే మాట అన్నందుకు ఖర్చు పడేది ఆ ఇంటికే, బృందానికి కాదు. ఆ తర్వాత నుంచి మేం ఎక్కడ ఫోరం ఆడినా అడ్వాన్సులు పంచే వారంలో పెట్టడం లేదు. ఒక ఇల్లు నిజంగానే అడుగుతానంటే ఒక్క ఇంటిగా అడగనివ్వం, నాలుగైదు ఇండ్లు కలిసే దాకా తరగతిలోనే ఆడుతూ ఉంటాం.

పిలుపు రాని ఆమె ఇంట్లో కూర్చోలేదు. ఉపాధి హామీ చట్టంలో పని కావాలని కాగితం రాసిస్తే తారీఖు వేసిన రసీదు ఇవ్వాలని, పదిహేను రోజుల్లో పని చూపకపోతే భృతి ఇవ్వాలని ఉండేది. తరగతిలో దాని మీద ఇంకో చిన్న నాటకం కట్టమని ఆమే పట్టుబట్టింది. అందులో ఉపాధి పనులు చూసే అసిస్టెంటు వేషానికి ఎవరూ ముందుకు రాలేదు, పెద్దమ్మతో సహా. అసిస్టెంటు ఇల్లు ఆమె ఇంటి పక్కనే. చివరికి మా డప్పు పిల్లగాడే కట్టాడు, ఈసారి మీసం దిద్దకుండా. కాగితం ఆమే స్వయంగా రాసింది, 'పని'లో సున్న ఎక్కువై 'పంని' అయింది. ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకుని పోయి ఇచ్చి వచ్చారు. రసీదు ఇచ్చారు కానీ దాని మీద తారీఖు లేదు. తారీఖు వేయించడానికి నలుగురూ మళ్లీ పోయారు.